డ్రిల్ బిట్టు మొనపై ఖనిజ విధానం

రాజధానిలో ఇప్పుడు ఖనిజాల భాష నడుస్తున్నది. ఒకప్పుడు బొగ్గు, ఉక్కు, చమురు అన్న మూడు మాటలతో ముగిసే చర్చల్లో ఇప్పుడు లిథియం, కోబాల్టు, టంగ్‌స్టన్ పేర్లు అలవోకగా దొర్లుతున్నాయి. 'కీలక ఖనిజాలు' అన్న పదబంధం మంత్రుల ప్రసంగాల్లోనూ, బడ్జెట్ పత్రాల్లోనూ స్థిరపడిపోయింది. అయితే ఈ ఖనిజాలు ఎక్కడ ఖర్చవుతున్నాయి, ఎవరి చేతుల మీదుగా ఖర్చవుతున్నాయి అని అడిగితే సమాధానం పార్లమెంటు గ్రంథాలయంలో కంటె, అక్కడికి అయిదారు కిలోమీటర్లు మించని శ్రద్ధానంద్ మార్గ్‌లోని పనిముట్ల దుకాణాల్లో సులభంగా దొరుకుతుంది.

ఆ దుకాణాల్లో డ్రిల్ బిట్లను రేకు పళ్ళేలలో పోసి అమ్ముతారు. నల్లనివి, తెల్లనివి, బంగారు వన్నెవి, కొంచెం రాగి రంగు తిరిగినవి ఉంటాయి. ఒకే కొలత గల రెండు బిట్ల ధరలో అయిదారు రెట్ల వ్యత్యాసం కనిపిస్తుంది. ఏది దేనితో తయారైనదో చాలావాటి మీద అక్షరం ఉండదు. వజీర్‌పూర్, ఓఖ్లా, ఫరీదాబాద్‌లలోని చిన్న వర్క్‌షాపుల వారు వచ్చి ధర చూసి, రంగు చూసి కొనుక్కుపోతారు. వాటిలో కొన్ని నాలుగు బెజ్జాలకే మొద్దుబారి తుక్కు డబ్బాలో పడతాయి. ఇది వర్క్‌షాపు యజమాని సొంత నష్టమేనని ఇంతకాలం అనుకున్నాము. కాని అది దేశానికి కూడా నష్టమేనని గత రెండేళ్ళ పరిణామాలు తెలియజేస్తున్నాయి.

2025 ఫిబ్రవరి 4న చైనా ప్రభుత్వం టంగ్‌స్టన్, మాలిబ్డినం, టెల్లూరియం, బిస్మత్, ఇండియం అనే అయిదు లోహాలకు చెందిన కొన్ని పదార్థాల ఎగుమతులపై నియంత్రణ ప్రకటించింది. అమెరికా విధించిన సుంకాలకు ఇది ప్రతిచర్య అని అందరూ గ్రహించారు. నిషేధం కాదు, అనుమతిపత్రం ఉండాలన్నారు. కాని ప్రపంచంలో గనుల నుంచి వెలువడే టంగ్‌స్టన్‌లో అయిదింట నాలుగు వంతులు ఒకే దేశానిదైనప్పుడు అనుమతిపత్రానికీ నిషేధానికీ మధ్య తేడా ఆ దేశపు అధికారి కలం కదలిక మాత్రమే. ఆ ఏడాది ముగిసేసరికి అంతర్జాతీయ విపణిలో టంగ్‌స్టన్ ధర రెట్టింపు దాటింది. అదే ఫిబ్రవరిలో, ప్రపంచ కోబాల్టులో అత్యధిక భాగాన్ని తవ్వే కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ ఎగుమతులు నిలిపివేసి, అక్టోబరు నుంచి కోటా పద్ధతి ప్రవేశపెట్టింది. పెద్దల తగవు వాషింగ్టన్, బీజింగుల మధ్యనే అయినా, దాని బరువు మోసినవారిలో ఫరీదాబాద్ టర్నరూ, బాలానగర్ ఫిట్టరూ ఉన్నారు.

ఎందుకంటే లోహాన్ని తొలిచే మొన బలమంతా ఈ లోహాలలోనే ఉన్నది. మెలి తిరిగిన గాడులతో డ్రిల్ బిట్టును అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1860వ దశకంలో రూపొందించాడు. ఆ ఆకారం ఈనాటికీ పెద్దగా మారలేదు. మారినదల్లా పదార్థమే. ఆనాటి కార్బన్ ఉక్కు 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటగానే మెత్తబడేది. 1900 ప్రాంతాల ఫ్రెడరిక్ టేలర్, మౌన్సెల్ వైట్ అనేవారు బెత్లెహాం ఉక్కు కర్మాగారంలో టంగ్‌స్టన్, క్రోమియం కలిపిన ఉక్కుకు ప్రత్యేక పాకం పట్టి, మొన ఎర్రబడినా పదును పోని 'హైస్పీడ్ స్టీలు'ను సాధించారు. కార్మికుడి ప్రతి కదలికకూ గడియారం పట్టి కాలం కొలిచిన టేలర్ ఇతడే కావడం గమనార్హం. పనిముట్టును వేగవంతం చేసినవాడే మనిషిని కూడా వేగవంతం చేయబూనాడు. తరువాత 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్టుతో బంధించి ఉక్కును మించిన కాఠిన్యం సాధించాడు. క్రుప్ సంస్థ దానికి 'వజ్రం వంటిది' అన్న అర్థంలో 'విడియా' అని పేరు పెట్టింది. మన వర్క్‌షాపుల్లో కార్బైడ్ మొనను నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఈ పూర్వరంగం తెలిస్తే ఎంపిక చిక్కుముడి కాదు. బజారులో లోహానికి వాడదగినవి ముఖ్యంగా మూడు తరగతులు. మొదటిది సాధారణ హైస్పీడ్ స్టీలు. 'ఎం2' అనే రకంలో సుమారు 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం, 4 శాతం క్రోమియం, 2 శాతం వనేడియం ఉంటాయి. మైల్డ్ స్టీలు, పోత ఇనుము, ఇత్తడి, అల్యూమినియం పనికి ఇది చాలును. రెండవది కోబాల్టు కలిసిన హైస్పీడ్ స్టీలు. 'ఎం35'లో సుమారు 5 శాతం, 'ఎం42'లో 8 శాతం కోబాల్టు ఉంటుంది. మరింత వేడిలోనూ పదును నిలుస్తుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీలుకూ, గట్టి మిశ్రమ ఉక్కులకూ ఇది తగినది. అయితే కొంచెం పెళుసు. మూడవది గట్టి కార్బైడ్. అధిక వేగంతో, కదలిక లేని బిగువైన యంత్రం మీద పనిచేస్తే దీనికి సాటి లేదు. చేతి డ్రిల్లుకు తగిలిస్తే మాత్రం చేయి ఒక్కసారి వణికిన చాలు, ముక్కలవుతుంది.

ఇక రంగు సంగతి. బంగారు వన్నె టైటానియం నైట్రైడ్ పూత. మంచి ఉక్కు మీద మంచి పూత వేస్తే ఆయుష్షు పెరిగేమాట నిజమే. కాని పూత పైపొర మాత్రమే. మొన సాన పట్టగానే అక్కడ అది పోతుంది. కోబాల్టు అట్లా కాదు, కాడ నుంచి మొన దాకా కలిసి ఉంటుంది, ఎన్నిసార్లు సాన పట్టినా గుణం మారదు. కాగా చవక ఉక్కుకు బంగారు రంగు పులిమి అమ్మే వ్యాపారం కూడా జోరుగా ఉన్నది. కనుక రంగును కాక, కాడ మీద చెక్కిన ఉక్కు రకాన్నీ, తయారీదారు గుర్తునూ చూసి కొనాలి. గుర్తు లేని బిట్టు ఎంత చవకయినా ప్రియమే.

ఎంపిక ఒక ఎత్తు, పోషణ మరొక ఎత్తు. మంచి బిట్టును మొదటి రోజే చంపేది అతివేగం. హైస్పీడ్ స్టీలు బిట్టుతో మైల్డ్ స్టీలు తొలిచేటప్పుడు అంచు వేగం నిమిషానికి 25 మీటర్ల ప్రాంతంలో ఉంచడం మంచి పద్ధతి. ఆ లెక్కన 10 మిల్లీమీటర్ల బిట్టు నిమిషానికి సుమారు 800 చుట్లు తిరగాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు అందులో సగానికి, అంటే 400కు లోపుగా దించాలి. 5 మిల్లీమీటర్ల బిట్టయితే రెండింతలు, 20 మిల్లీమీటర్లదయితే సగం. మన వర్క్‌షాపుల్లో జరిగేది దీనికి విరుద్ధం. డ్రిల్ యంత్రం బెల్టు ఒకసారి ఏ మెట్టు మీద వేస్తే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది, బెజ్జం కొలత ఏదయినా సరే.

స్టెయిన్‌లెస్ స్టీలుతో మరొక తిరకాసు ఉన్నది. ఒత్తిడి తగ్గించి బిట్టును ఊరకే రుద్దనిస్తే ఆ లోహం అక్కడికక్కడే గట్టిపడి, తరువాత ఏ బిట్టుకూ లొంగదు. వేగం తక్కువ, ఒత్తిడి నిలకడ అన్నది అక్కడ సూత్రం. ఉక్కుకు నీళ్ళలో కలిపే కటింగ్ ఆయిల్ ధారగా పడాలి. పోత ఇనుముకు మాత్రం నూనె అక్కరలేదు. లోతు బెజ్జాలలో మధ్యమధ్య బిట్టును పైకి లాగి రజను తీసివేయాలి. సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, రేకును వైస్‌లో బిగించి, మొన అవతలికి పొడుచుకు వచ్చే క్షణంలో చేతి బరువు తగ్గించాలి. బిట్లు విరిగే చోటు సాధారణంగా అదే.

మొద్దుబారిన బిట్టు తన స్థితిని తానే చెప్పుకుంటుంది. కీచుమంటుంది, పొగ లేస్తుంది, చుట్టలుగా రావలసిన లోహం పొడిగా రాలుతుంది. ఆ మొదటి కేకకే ఆపి సాన పట్టినవాడు బిట్టులో చిటికెడు పొడవు పోగొట్టుకుంటాడు. బలవంతంగా నొక్కినవాడు అంచు మూలలు కాల్చుకొని అంగుళం పోగొట్టుకుంటాడు. సాన పట్టడంలో నియమాలు మూడే. మొన కోణం సాధారణ పనికి 118 డిగ్రీలు, గట్టి లోహాలకు 135 డిగ్రీలు ఉండాలి. రెండు అంచులూ సమాన పొడవు, సమాన కోణం కలిగి ఉండాలి. ఒకటి పొడవయితే బెజ్జం కొలత మించి పెద్దదవుతుంది. అంచు వెనుక భాగం 10 డిగ్రీల మేరకు వాలి ఉండాలి, లేకపోతే బిట్టు కోయక రుద్దుతుంది. ఎర్రగా కాలిన హైస్పీడ్ స్టీలును చటుక్కున నీళ్ళలో ముంచితే కంటికి కనిపించని బీటలు పడతాయి. కార్బైడ్‌కు మామూలు సానచక్రం పనికిరాదు, వజ్రపు పొడి చక్రం కావాలి. పైగా కార్బైడ్, కోబాల్టుల ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీయగలదన్నది వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయం. దుమ్ము లాగే ఏర్పాటు లేని చోట ఆ పని చేయించడం బిట్టును కాపాడి మనిషిని అరగదీయడమే అవుతుంది.

ఈ సంగతులన్నీ పాత ఫిట్టర్లకు కొత్తవి కావు. గేజి చేత పట్టి సాన పట్టడం ఐ.టి.ఐ.లలో మొదటి ఏడాది పాఠం. మరి ఆ విద్య వర్క్‌షాపుల్లో ఎందుకు క్షీణించింది? బెజ్జానికింత అని కూలి లెక్కించే చోట సాన పట్టడానికి పట్టే అయిదు నిమిషాలు ఎవరి ఖాతాలోనూ పడవు. చైనా నుంచి చవక బిట్లు వచ్చిపడుతున్నంతకాలం పారవేసి కొత్తది తగిలించుకోవడమే లాభమనిపించింది. ఆ చవకదనం నిలిచేది కాదని ఎవరూ హెచ్చరించలేదు.

ఢిల్లీ పాలకులు చేసినదేమిటి? చేయలేదని అనలేము. 2023 జూన్‌లో 30 కీలక ఖనిజాల జాబితా ప్రకటించారు. అందులో టంగ్‌స్టన్, కోబాల్టు, మాలిబ్డినం, వనేడియం నాలుగూ ఉన్నాయి. అంటే శ్రద్ధానంద్ మార్గ్ పళ్ళెంలోని బిట్టును కరిగిస్తే ఇనుము, క్రోమియం పోగా మిగిలేదంతా కీలక ఖనిజమే. 2023 ఆగస్టులో గనుల చట్టం సవరించి ఇటువంటి 24 ఖనిజాల వేలం అధికారాన్ని కేంద్రం తన చేతికి తీసుకున్నది. 2025 జనవరి 29న 16,300 కోట్ల రూపాయల వ్యయంతో జాతీయ కీలక ఖనిజ మిషన్‌ను కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ప్రభుత్వ రంగ సంస్థలు మరో 18,000 కోట్లు పెట్టగలవని అంచనా వేశారు. ఈ చర్యలలో ప్రధానమైన దృష్టి గనుల మీద, విదేశీ నిక్షేపాల మీద ఉన్నది.

గనుల దారి ఎంత సుగమమో మదురై జిల్లా ప్రజలు చూపించారు. మేలూరు తాలూకాలోని నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ బ్లాకు, 2,015 హెక్టార్ల పైచిలుకు విస్తీర్ణం, 2024 నవంబరులో హిందుస్థాన్ జింక్ సంస్థకు వేలంలో దక్కింది. ఆ పరిధిలోనే అరిట్టాపట్టి జీవవైవిధ్య వారసత్వ స్థలం ఉన్నది. ప్రాచీన జైన శయ్యలూ, తమిళ బ్రాహ్మీ శాసనాలూ ఉన్న కొండలవి. చుట్టూ సాగు భూములు. రైతులు వీధికెక్కారు. డిసెంబరు 9న తమిళనాడు శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. 2025 జనవరి మొదట్లో మేలూరు నుంచి మదురై దాకా వేలాది మంది కదిలారు. జనవరి 23న కేంద్రం వేలాన్ని రద్దు చేసింది. మిషన్‌కు ఆమోదముద్ర పడినది ఆ తరువాత ఆరు రోజులకే. అంతకు ముందు తరం అనుభవమూ ఆశాజనకం కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తవ్విన రాజస్థాన్‌లోని డేగానా టంగ్‌స్టన్ గని, చవక చైనా సరకుకు తట్టుకోలేక 1990వ దశకం ఆరంభంలో మూతపడింది. 2024లో మన ఆంధ్రప్రదేశ్‌లోని బాలేపాళ్యం టంగ్‌స్టన్ బ్లాకు కూడా వేలానికి వచ్చి అదే సంస్థకు దక్కింది. అక్కడి ప్రజలు ఏమంటారో విని ముందుకు పోవడం వివేకం.

గనులు వద్దనడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. దేశ రక్షణకు సైతం అవసరమైన లోహం కోసం ఒకే పొరుగుదేశం మీద ఆధారపడడం క్షేమం కాదు. కాని కొత్త గని ఫలితం చేతికందడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా మన కాళ్ళ దగ్గర ఉన్న గనిని చూడకపోవడమే వింత. ఆ గని తుక్కు డబ్బా.

లెక్క చూడండి. ప్రపంచంలో చాలా చోట్ల తవ్వే ముడిరాతిలో టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఒక శాతం కూడా ఉండదు. సగం శాతం ఉన్న రాయి మంచిదనుకున్నా, ఒక కిలో లోహానికి చేరువగా రాబట్టడానికి 200 కిలోలకు పైగా రాయి పగలగొట్టాలి. అరిగిపోయిన కార్బైడ్ బిట్టులోనో? వంద గ్రాములకు 80 గ్రాములకు మించి టంగ్‌స్టనే. కరిగిన జింకులో నానబెట్టి ఆ కార్బైడ్‌ను మళ్ళీ పొడిగా మార్చే విధానం దశాబ్దాలుగా వాడుకలో ఉన్నది. ప్రపంచ టంగ్‌స్టన్ సరఫరాలో సుమారు మూడోవంతు తుక్కు నుంచే వస్తున్నది. మన చిన్న వర్క్‌షాపులో మాత్రం కార్బైడ్ ముక్క, హైస్పీడ్ స్టీలు ముక్క, మామూలు ఇనుప రజను ఒకే డబ్బాలో పడి, పాత ఇనుము ధరకే తూకానికి పోతున్నాయి. మేలూరు రైతు తన పొలం కింద ఉన్నదని విని బెంబేలెత్తిన లోహాన్నే మనం ఇక్కడ చెత్తతో కలిపి ఊడ్చివేస్తున్నాము.

ప్రభుత్వానికి ఈ సంగతి బొత్తిగా తెలియదని కాదు. 2025 బడ్జెట్‌లో కోబాల్టు పొడికి, తుక్కుకు, లిథియం అయాన్ బ్యాటరీల తుక్కుకు, మరి 12 కీలక ఖనిజాలకు దిగుమతి సుంకం మినహాయించారు. 2025 సెప్టెంబరులో కీలక ఖనిజాల పునరుద్ధరణకు 1,500 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించి, అందులో మూడోవంతు చిన్న, కొత్త సంస్థలకు కేటాయించారు. కాని ప్రకటనలో ప్రముఖంగా కనిపించినవి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు, బ్యాటరీలు. పరదేశపు తుక్కుకు తలుపు తీసినవారు స్వదేశపు తుక్కు ఏ సందులోంచి పోతున్నదో చూడవలసి ఉన్నది.

చేయదగిన పనులు బృహత్ప్రణాళికలు కావు. దేశంలో అమ్మే ప్రతి డ్రిల్ బిట్టు మీద ఉక్కు రకం ముద్రించడం తప్పనిసరి చేయవచ్చు. అప్పుడు రంగు మోసం ఆగుతుంది, తుక్కును వేరు చేయడమూ సులువవుతుంది. కేంద్ర ప్రభుత్వ టూల్‌రూములలో, అంటే 1968 నుంచి హైదరాబాదు బాలానగర్‌లో ఉన్న కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ వంటివాటిలో, చిన్న పరిశ్రమల బిట్లకు స్వల్ప రుసుముతో సాన పట్టే కౌంటరు తెరవవచ్చు. దుమ్ము లాగే ఏర్పాటుతో వజ్రపు చక్రం ప్రతి షెడ్డు యజమానీ కొనలేడు, ఆటోనగర్‌కు ఒకటి ఉంటే చాలు. ఆ కౌంటరులోనే అరిగిన కార్బైడ్‌ను న్యాయమైన ధరకు కొని పునరుద్ధరణకు పంపవచ్చు. టంగ్‌స్టన్, మాలిబ్డినం లోహాలను పొడి నుంచి రూపొందించడంలో అనుభవం గల మిధానీ సంస్థ అదే నగరంలో ఉన్నది.

ఇందుకు అభ్యంతరం కూడా లేకపోలేదు. పేద వర్క్‌షాపుకు గుర్తు ఉన్న బిట్టు కొనే స్తోమత ఎక్కడిదని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. ఒకేసారి పెట్టుబడి పెట్టలేనివాడే చవక బిట్టును పదిసార్లు కొని ఎక్కువ ఖర్చు పెట్టడం పేదరికపు పాత దురదృష్టం. అందుకే ఈ బాధ్యతను అతడి వివేకానికి మాత్రమే వదిలివేయక ప్రభుత్వం పంచుకోవాలంటున్నాము. సాన పట్టే అయిదు నిమిషాలకు కూలి కట్టే యజమాని చివరకు నష్టపోడని కూడా చెప్పవలసి ఉన్నది.

కీలక ఖనిజాల మిషన్ జయాపజయాలను పాలకులు ఎన్ని బ్లాకులు వేలం వేశాము, ఏ దేశంతో ఎన్ని ఒప్పందాలు చేసుకున్నాము అన్న లెక్కతో కొలుస్తారు. కొలవనివ్వండి. దానితోపాటు మరొక కొలమానం కూడా ఉంచుకోవచ్చు. శ్రద్ధానంద్ మార్గ్‌లో ఒక కుర్ర ఫిట్టరు పళ్ళెంలోంచి బిట్టు తీసి, దాని రంగు చూడకుండా కాడ మీద అక్షరం చదివి కొన్న రోజున, మొద్దుబారిన తరువాత దానిని పారవేయక సాన పట్టుకున్న రోజున ఆ మిషన్ నేల మీదికి దిగినదని అనుకోవచ్చు.